జమ్మికుంటలో మూడు రోజులు

జమ్మికుంట అనగానే మన వైపు పెద్దలకు రెండు సంగతులు జ్ఞాపకం వస్తాయి. ఒకటి పత్తి, రెండవది రైలు. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా వరకు రైలు మార్గం పూర్తయి, మద్రాసు ఢిల్లీతో కలిసిన నాటి నుంచి ఈ ఊరు ఆ పట్టాల మీద పేరు తెచ్చుకున్నది. పత్తి ఏరే రోజుల్లో వెళ్ళితే మార్కెట్టు యార్డు దగ్గర బండ్ల బారులు, గాలిలో తేలే దూది పోగులు, జిన్నింగు మిల్లుల చప్పుడు తప్ప వేరే ఏమీ కనబడవు, వినబడవు. నేను మాత్రం 2024 నవంబరులో పత్తి కోసం వెళ్ళలేదు. ఒక జీపు కోసం వెళ్ళవలసి వచ్చింది.

మా అక్కగారి ఊరు జమ్మికుంటకు మానేరు వైపున ఉన్న ఒక పల్లె. ఆమె కుమారుడు, అనగా నా మేనల్లుడు, ఆరెకరాల పత్తి చేను చేస్తాడు. రెండేళ్ళ క్రిందట ఒక పాత మహీంద్రా ఎం.ఎం. 540 డీజిల్ జీపు కొన్నాడు. కొన్న తరువాత ఊరుకోలేదు. నగరంలో ఒక షెడ్డుకు తీసుకువెళ్ళి దానిని ఎత్తు చేయించాడు. ముందు కమాను పట్టీలకు ఒక్కొక్క పట్టీ అదనంగా వేయించి, పొడుగు షాకిల్స్ బిగించి, పెద్ద టైర్లు తొడిగించాడు. ఫోటో పంపితే చూశాను. బండి నిలబడిన తీరు బాగానే ఉన్నది. కోడిపుంజు మెడ ఎత్తినట్టు ఉన్నది.

ఆ తరువాత మా అక్క దగ్గర నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "తమ్మీ, గా బండి నాకు భయమైతాంది. పొద్దుగాల పత్తి ఏరే ఆడోళ్ళను ఎనిమిది మందిని ఎక్కించుకొని పోతాండు. మొన్న రోడ్డు మీద బండి కాళ్ళు వణికినట్టు వణికిందట. నువ్వొచ్చి జెర చెప్పు" అన్నది. మేనమామ మాట మేనల్లుడు వింటాడని తల్లులకు ఒక నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో మేనమామలందరికీ తెలుసు.

శనివారం నాడు వాడే హనుమకొండకు వచ్చి నన్ను జీపులో ఎక్కించుకున్నాడు. ఎల్కతుర్తి వరకు వాడు నడిపాడు. ఎల్కతుర్తి దగ్గర ఎడమ చేతికి తిరిగితే ముల్కనూరు. 1956లో మొదలైన సహకార సంఘం వలన పేరు పొందిన ఊరు అది. అక్కడ కూడలిలో టీ త్రాగాము. ఒకప్పుడు ఇదంతా కరీంనగర్ జిల్లాయే. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఎల్కతుర్తి, కమలాపూర్ వరంగల్ వైపుకు పోయాయి, జమ్మికుంట కరీంనగర్‌లోనే మిగిలింది. పోత్కపల్లి, ఓదెల పెద్దపల్లికి పోయాయి. ఇప్పుడు అన్నదమ్ముల ఇండ్లు మూడు జిల్లాల్లో ఉన్నాయి.

టీ త్రాగిన తరువాత వాడు తాళం నా చేతిలో పెట్టి, "మామా, నువ్వే నడుపు. నడిపితే నీకే తెలుస్తది" అన్నాడు. నేను పాత జీపులు నడిపినవాడినే. మా కాలంలో అధికారుల బండ్లు, ఎన్నికల బండ్లు, మలేరియా మందు కొట్టే వాళ్ళ బండ్లు అన్నీ జీపులే. 1990లలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు బస్సు దొరకనప్పుడు కమాండర్ జీపు వెనుక వేలాడుతూ వెళ్ళినవాళ్ళము మనలో ఎంతమంది లేరు! గనుక ధైర్యంగానే కూర్చున్నాను.

నలభై దాకా ఏమీ తెలియలేదు. కాని స్టీరింగు వదులుగా ఉన్నట్టు, బండి తన ఇష్టం వచ్చినట్టు ఎడమకు కొంత, కుడికి కొంత పోతున్నట్టు అనిపించింది. ప్రతి నిమిషం సవరించుకోవాలి. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు దానంతట అది వెనుకకు రాలేదు, నేనే త్రిప్పి తేవలసి వచ్చింది. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు అతుకు మీద ముందు చక్రాలు ఎక్కి దిగాయి. అప్పుడు వేగం యాభై అయిదు దాటి ఉంటుంది. ఒక్కసారిగా స్టీరింగు నా చేతుల్లో ఎడమకు కుడికి కొట్టుకోవడం ప్రారంభించింది. ముందు చక్రాలు రెండూ జ్వరం వచ్చిన మనిషి మోకాళ్ళలాగా వణికాయి. బానెట్టు ఊగింది, అద్దం ఊగింది, నా పండ్లు కూడా ఊగాయనుకుంటాను. ఎదుటి నుంచి ధాన్యం లారీ వస్తున్నది.

బ్రేకు గట్టిగా త్రొక్కబోయాను. "త్రొక్కకు మామా!" అని వాడు అరిచాడు. ఆక్సిలరేటరు వదిలి, స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకొని, బండిని దాని దారిన తగ్గనిచ్చాను. ఇరవైకి వచ్చిన తరువాతనే ఆ వణుకు ఆగింది. లారీ మా ప్రక్క నుంచి వెళ్ళిపోయింది. రోడ్డు ప్రక్కన ఆపి ఇద్దరమూ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "ఇట్లా అయినప్పుడు వెనుక ఆడవాళ్ళున్నారా?" వాడు తల వంచుకొని, "ఒక్కసారి ఉన్నరు" అన్నాడు.

హుజూరాబాద్ మీదుగా జమ్మికుంటకు నలభై దాటకుండా చేరాము. ఆ దారిలో సైకిలు మోటారు వాళ్ళందరూ మమ్మల్ని దాటిపోయారు.

ఆదివారం మా అక్క చర్చికి ఆటోలో వెళ్ళింది. ఇంటి ముందు జీపు ఉన్నది, నడపడానికి కొడుకు ఉన్నాడు, అయినా ఆటోకు యాభై రూపాయలు ఇచ్చి వెళ్ళింది. వాడికి ఇది అవమానంగా తోచింది. నాకు మాత్రం ఆమె చెప్పవలసిన మాట చెప్పినట్టే అనిపించింది.

సోమవారం తెల్లవారగానే జమ్మికుంటకు వెళ్ళాము. ఆ వారం యార్డులో తేమ గురించే మాట. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అది పూర్తిగా రావాలంటే తేమ ఎనిమిది శాతం దాటకూడదు, పన్నెండు దాటితే కాటన్ కార్పొరేషన్ వారు కొననే కొనరు. రైతులు దూదిని పిడికిట పట్టి పిండి చూస్తూ నిలబడి ఉన్నారు. ఆ రద్దీ దాటుకొని రోడ్డు అంచున ఉన్న ఒక రేకుల షెడ్డుకు వెళ్ళాము. అక్కడ ఒక వృద్ధ మిస్త్రి ఉన్నాడు. తెల్ల గడ్డం, మోచేతుల దాకా గ్రీజు. చుట్టుప్రక్కల ట్రాక్టర్ల వాళ్ళందరూ ఆయనను చాచా అంటారు, గనుక మేమూ చాచా అన్నాము.

నా మేనల్లుడు ఒక కాగితాల కట్ట తీసి ఆయన ముందు పెట్టాడు. అప్పటికే మూడుసార్లు నగరంలో కంప్యూటరు మీద వీల్ అలైన్‌మెంటు చేయించాడట. ప్రతిసారీ డబ్బు తీసుకున్నారు, ప్రతిసారీ కాగితం ఇచ్చారు, బండి మాత్రం మారలేదు. చాచా అద్దాలు పెట్టుకొని కాగితం చూసి నవ్వాడు. "యంత్రం అబద్ధం చెప్పలే బేటా. ఎర్ర అక్షరాలల్ల చెప్పింది. మీరే సదువలే" అన్నాడు.

ఆ కాగితంలో మూడు లెక్కలు ఉన్నాయి. ఈ మూడింటిని గురించి ఆయన చెప్పినది, నేను ఆ తరువాత చదివి సరిచూసుకున్నది కలిపి వ్రాస్తున్నాను. బండి ఉన్న ప్రతి ఇంటికీ ఇది పనికివస్తుంది.

మొదటిది టో. ముందు చక్రాలు రెండూ ముందు వైపున కొంచెం దగ్గరగా ఉంటే దానిని టో ఇన్ అంటారు. పిల్లవాడు బొటనవేళ్ళు లోపలికి త్రిప్పి నడిచినట్టు. బండి నడుస్తున్నప్పుడు రోడ్డు ఒత్తిడికి ముందు చక్రాలు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి గనుక ఆ కొంచెం ముందే లోపలికి పెడతారు. పాత విల్లీస్ జీపులకు ఇది ఒకటి నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపే. టై రాడ్‌ను త్రిప్పితే ఇది మారుతుంది. రెండవది క్యాంబర్. ఎదుట నిలబడి చూస్తే చక్రం పైభాగం బయటికి వాలిందా లోపలికి వాలిందా అన్నది. ఒకే ఇనుప ఇరుసు ఉన్న జీపులో ఇది ఇరుసుతోనే పుట్టింది. పానా పెట్టి త్రిప్పేందుకు ఏమీ ఉండదు. ఇరుసు వంగితేనే మారుతుంది.

మూడవది క్యాస్టర్. అసలు రోగం ఇక్కడ ఉన్నది. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనుకకు వాలి ఉంటుంది కదా. అందుకే పిల్లలు చేతులు వదిలి సైకిలు త్రొక్కినా చక్రం నేరుగా పోతుంది. జీపులో కూడా చక్రం తిరిగే కింగ్ పిన్ను పైభాగం కొంచెం వెనుకకు వాలి ఉండాలి. పాత విల్లీస్ జీపుకు అది మూడు డిగ్రీలు. ఆ వాలు ఉన్నందుననే మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది నడిమికి వస్తుంది. ఆ వాలు పోతే బండికి దారి మీద పట్టు పోతుంది.

నగరంలో మూడుసార్లూ టో మాత్రమే సవరించారు. త్రిప్పడానికి తేలికైనది అదే గనుక. క్యాస్టర్ లెక్క మూడు కాగితాల్లోనూ ఎర్రగానే ఉన్నది. అర డిగ్రీ కూడా లేదు.

"ఎందుకు పోయింది చాచా?" అని నేను అడిగాను. ఆయన జీపు ముందు వంగి కూర్చొని చూపించాడు. ఈ జీపు ముందు కమానుకు వెనుక కొస ఛాసిస్‌కు కదలకుండా పిన్నుతో బిగించి ఉంటుంది. ముందు కొస మాత్రం షాకిల్‌కు వేలాడుతుంది. ఆ షాకిల్‌ను రెండంగుళాలు పొడుగు చేస్తే కమాను ముందు కొస రెండంగుళాలు క్రిందికి దిగుతుంది. కమాను మీదనే ఇరుసు బిగించి ఉన్నది గనుక ఇరుసు కూడా కమానుతో పాటు ముందుకు ఒరుగుతుంది. కమాను పొడవు దాదాపు మూడు అడుగులు, అనగా ముప్పై ఆరు అంగుళాలు. ముప్పై ఆరింటికి రెండు దిగితే ఎంత వాలు? అది సుమారుగా మూడు డిగ్రీలు. కంపెనీ వాళ్ళు పెట్టిన వాలు ఎంతో, ఈ షాకిల్ తీసివేసినది కూడా అంతే. నేను ఆ లెక్క నా డైరీలో వేసుకొని చాలాసేపు చూశాను. ఇంకొక విచిత్రం ఏమంటే, షాకిల్ రెండంగుళాలు పెంచినా బండి లేచేది ఇరుసు దగ్గర ఒక్క అంగుళమే. మిగతాది వాలులో పోతుంది. ఒక అంగుళం ఎత్తుకోసం బండి దారి మీద నిలిచే గుణాన్ని అంతా ఇచ్చివేశాడన్నమాట.

చాచా అంతటితో నమ్మలేదు. "ఒక్క రోగం ఉన్న తావుల ఇంకో నాలుగుంటయి" అని బండిని తడమడం మొదలుపెట్టాడు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, చక్రం కదలనంత మేరకు అటూ ఇటూ ఆడించమన్నాడు. తాను క్రింద పడుకొని ఒక్కొక్క కీలు మీద చెయ్యి వేసి చూశాడు. డ్రాగ్ లింక్ కొస ఒకటి అరిగి ఆడుతున్నది. తరువాత జాకీ పెట్టి చక్రం లేపి, పైన ఒక చెయ్యి క్రింద ఒక చెయ్యి వేసి ఊపాడు. కుడి చక్రం టక్ టక్ మన్నది. ఒక మనిషిని బ్రేకు త్రొక్కి పట్టమన్నాడు, అయినా చప్పుడు పోలేదు. వీల్ బేరింగు అయితే బ్రేకు త్రొక్కగానే పోయేదట. పోలేదు గనుక కింగ్ పిన్ను బేరింగు. విప్పి చూస్తే క్రింది బేరింగు గిన్నెలో గుంటలు పడి ఉన్నాయి. చక్రం దగ్గరి గుండు ఆకారపు కీలు చుట్టూ ఉండే సీలు చినిగి, నల్లరేగడి బురద లోపలికి చేరి గ్రీజును తినివేసింది. వాలు పోయిన బండిలో వణుకు పుట్టించడానికి ఈ వదులే చాలు.

మరొకటి నా గుండె ఝల్లుమనిపించింది. జాకీ మీద ఇరుసు క్రిందికి వేలాడినప్పుడు ముందు బ్రేకు రబ్బరు గొట్టం తీగలాగా బిగుసుకున్నది. బండిని ఎత్తు చేసినవారు గొట్టం పొడవు చూడలేదు. పెద్ద గుంటలో చక్రం దిగినప్పుడల్లా ఆ గొట్టం లాగుకుపోతున్నది. దాని మీద వెంట్రుకవాసి పగుళ్ళు కూడా వచ్చాయి. నా మేనల్లుడు అది చూసి ప్రక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

డ్రాగ్ లింక్ సంగతి కూడా చెప్పాలి. స్టీరింగు పెట్టె నుంచి చక్రం వైపు వెళ్ళే ఆ కడ్డీ దాదాపు పడుకొని ఉండవలసినది. బండి లేస్తే పెట్టె పైకి పోయింది, చక్రం క్రిందనే ఉన్నది, కడ్డీ నిచ్చెనలాగా ఏటవాలు అయింది. అటువంటప్పుడు గుంటలో కమాను నొక్కుకుంటే ఆ కడ్డీ చక్రాన్ని ప్రక్కకు నెట్టుతుంది. స్టీరింగు మనం కదపకపోయినా బండి మళ్ళుతుంది. దీనికి క్రిందికి వంగిన పిట్‌మన్ చేతులు అమ్ముతారట. చాచా వాటిని ఒప్పుకోలేదు. "ఒక తప్పుకు ఇంకో సామాను, దానికి ఇంకో సామాను. గిట్ల ఎంత దూరం పోతవ్?" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అసలు వాదన వచ్చింది. షాకిల్స్ పాతవి పెట్టి, అదనపు పట్టీ తీసివేస్తేనే పని చేస్తానన్నాడు చాచా. మేనల్లుడు ఒప్పుకోలేదు. చీలిక ముక్కలు, అనగా ఒక ప్రక్క మందం ఒక ప్రక్క పలుచన ఉన్న ఇనుప బిళ్ళలు, కమానుకు ఇరుసుకు నడుమ పెట్టి పోయిన వాలును తెప్పించవచ్చునని వాడు ఫోనులో చూశాడు. అది అబద్ధం కాదు. చాలా చోట్ల చేస్తారు. అయితే ఆ బిళ్ళను తారుమారుగా పెట్టితే రోగం రెండింతలవుతుంది. సరిగా పెట్టినా ఇరుసు వెనుకకు తిరగడంతో ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళ మీద కోణం పెరుగుతుంది. డ్రాగ్ లింక్ ఏటవాలు, బ్రేకు గొట్టం బిగువు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

"ఎత్తు తగ్గితే చేనుకు ఎట్ల పోవాలె?" అన్నాడు వాడు. ఆ మాటలో న్యాయం ఉన్నది. రేగడి నేల బాటల్లో ట్రాక్టరు చక్రాలు వానకాలంలో మోకాటి లోతు గాడి చేస్తాయి. ఎండిన తరువాత రెండు గాళ్ళ నడుమ మట్టి రాయిలాగా గట్టిపడి నిలుస్తుంది. జీపు ఇరుసు నడిమి గుండు ఆ గట్టుకు కొట్టుకుంటుంది. సిటీలో చూపు కోసం ఎత్తు చేసినవాడు కాదు నా మేనల్లుడు. పని కోసం చేశాడు.

చాచా ఏమీ అనలేదు. ఒక కట్టెపుల్ల తెచ్చి, వాడి చేతికి ఇచ్చి, ఇరుసు గుండు క్రింద నేల నుంచి ఎంత ఎత్తు ఉన్నదో గాటు పెట్టమన్నాడు. వాడు పెట్టాడు. అప్పుడు జాకీలు పెట్టి, పొడుగు షాకిల్స్ విప్పి, మూలన పడి ఉన్న మరొక జీపు పాత షాకిల్స్ బిగించి బండిని నేలకు దింపాడు. మళ్ళీ కొలవమన్నాడు. పుల్ల మీది గాటు దగ్గరనే గుండు ఉన్నది. వెంట్రుక మందం కూడా తేడా లేదు.

ఎందుకంటే కమానులు, షాకిల్స్ లేపేది బండి ఒడలును మాత్రమే. ఇరుసు చక్రాల మీద కూర్చొని ఉంటుంది. దానిని లేపగలిగినది టైరు ఒక్కటే. ఈ జీపుకు 6.00-16 టైర్లకు బదులు వాడు 7.00-16 వేయించాడు, దాని వలన గుండు దాదాపు ఒక అంగుళం లేచింది. వాడికి చేనులో పనికివచ్చినది ఆ అంగుళమే. మిగతా ఎత్తు అంతా గాలిలో ఉన్నది. వాడు ఆ పుల్లను చాలాసేపు చేతిలో పట్టుకొని ఉన్నాడు. "ఇట్లనే కానియ్యి చాచా" అన్నాడు చివరికి.

ఇక్కడ చట్టం మాట కూడా వ్రాయాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా వారు మొదట చూసేది కూడా ఇదే. అదనపు కమాను, పొడుగు షాకిల్, చివరకు టైరు కొలత అన్నీ దానిలోకి వస్తాయి. ఈ టైర్లు అరిగిన తరువాత బండి పుస్తకంలో ఉన్న కొలతకే మారుస్తానని వాడు నాకు మాట ఇచ్చాడు. ఆ మాటతో నేను సగమే తృప్తిపడ్డాను.

సోమవారం సాయంత్రం సామాను కోసం కరీంనగర్ మనిషిని పంపాము. మంగళవారం అంతా పని. కింగ్ పిన్ను బేరింగులు రెండు ప్రక్కలా కొత్తవి వేశాడు. పలుచని రేకు బిళ్ళలు తీస్తూ వేస్తూ, స్ప్రింగు కాటాతో చక్రం చేతిని లాగి ఎంత బరువుకు కదులుతున్నదో చూసి, బిగువు సరిచేశాడు. సీళ్ళు, డ్రాగ్ లింక్ కొస, బ్రేకు గొట్టాలు మార్చాడు. ముందు కమానులో అదనపు పట్టీ తీసివేశాడు. ఆ పట్టీ వలన కమాను బిగిసి, చిన్న గుంటకే చక్రం నేలను వదిలి ఎగిరేదట. వెనుక కూర్చున్నవాళ్ళ నడుములు అడిగితే తెలుస్తుంది.

క్యాస్టర్ కొలవడానికి పెద్ద యంత్రమేదో ఉంటుందనుకున్నాను. చాచా మనుమడు ముందు నేల సమంగా ఉన్నదో లేదో నీళ్ళ గొట్టంతో చూసి, కింగ్ పిన్ను మూత మీద తన సెల్‌ఫోను ఆనించాడు. కోణం చూపే సదుపాయం దానిలో ఉన్నదట. పొడుగు షాకిల్‌తో సున్నా దగ్గర ఆడిన అంకె ఇప్పుడు రెండున్నర దాటింది. తాత కంటి లెక్క, మనుమడి ఫోను లెక్క ఒకటే అయినందుకు ఇద్దరూ సంతోషించారు.

టో మాత్రం పాత పద్ధతిలోనే పెట్టారు. ఇది ఇంటి దగ్గర ఎవరైనా చూసుకోవచ్చును. చక్రం లేపి త్రిప్పుతూ, టైరు నడిమిన సుద్ద పూసి మేకు కొసతో సన్నని గీత గీయాలి. రెండు చక్రాలకూ అట్లే చేసి, బండిని దింపి, కొన్ని అడుగులు ముందుకు నెట్టాలి. అప్పుడు ఇరుసు ఎత్తులో రెండు గీతల నడుమ దూరం ముందు వైపున ఎంత, వెనుక వైపున ఎంత అని ఇద్దరు మనుషులు టేపు పట్టి కొలవాలి. ముందు వైపున ఆ రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఎక్కువ తక్కువ అయితే టై రాడ్ బిగింపు వదులు చేసి త్రిప్పాలి. టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాసి చూసినా తెలుస్తుంది. ఒక వైపు రాస్తే నున్నగా, మరొక వైపు రాస్తే రంపపు పండ్లలాగా తగిలితే టో తప్పినట్టే. మా జీపు టైర్లు అట్లాగే తగిలాయి, అంత కొత్త టైర్లు!

కొత్త బండ్లున్న పాఠకులు ఒక సంగతి గమనించాలి. చాలా బొలేరోలకు, 2010లో వచ్చిన థార్‌లలో చాలావాటికి ముందు చక్రాలు వేరువేరుగా ఊగుతాయి, ఒకే ఇరుసు ఉండదు. ఆ థార్‌లో టార్షన్ బార్ బోల్టు త్రిప్పి ముందు భాగం లేపుతారు. అప్పుడు క్యాంబర్, టో రెండూ మారుతాయి, చక్రాలకు పోయే షాఫ్టుల కీళ్ళు వంకరలో పని చేస్తాయి. వాటికి యంత్రం మీద మూడు లెక్కలూ చూపించక తప్పదు. యంత్రం కాగితం ఇస్తే ఎర్ర అక్షరాలు ఏమిటని అడగండి.

బుధవారం తెల్లవారుజామున నేను, నా మేనల్లుడు బండి తీసుకొని బయలుదేరాము. మంచు ఉన్నది. మానేరు వైపు రోడ్డు మీద మనుషులు లేరు. ముందు ముప్పైలో, తరువాత నలభైలో, ఆ తరువాత యాభై అయిదులో వాడు నడిపాడు. ఒక కల్వర్టు అతుకు కావాలనే ఎక్కించాడు. నేను సీటు కమ్మీ పట్టుకున్నాను. చక్రాలు ఒక్కసారి ఎగిరి, కూర్చొని, నేరుగా పోయాయి. మలుపు తరువాత స్టీరింగు దానంతట అది వాడి వేళ్ళ నడుమ నుంచి నడిమికి జారి వచ్చింది. వాడు నా వైపు చూడలేదు కాని పెదవుల మీద నవ్వు ఆపుకోలేకపోయాడు. ఏటి గడ్డన కొంతసేపు ఆగాము. ఇసుకలో సన్నగా నీళ్ళు పారుతున్నాయి. దూరాన రైలు వంతెన మీద బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. లెక్కబెట్టబోయి యాభై దగ్గర మరచిపోయాను.

చాచా కూలి తీసుకునేటప్పుడు రెండు షరతులు పెట్టాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులన్నీ మళ్ళీ బిగించుకోవాలి, బురదలో పోయి వచ్చిన ప్రతిసారీ సీళ్ళు కడిగి చూడాలి. ఆడవాళ్ళను ఎనిమిది మందిని ఎక్కించుకోవద్దని కూడా అన్నాడు. "బండి పుస్తకంల ఎంతమందని ఉంటే గంతమందే" అన్నాడు. అది మూడవ షరతు అనుకోవాలి.

ఇంటికి వచ్చేసరికి మా అక్క వాకిలి ఊడుస్తున్నది. జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "కొంచెం పొట్టిగైనట్టున్నది" అన్నది. "అవునమ్మా" అన్నాడు వాడు. ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకొని, ముందు సీటులోకి ఎక్కడానికి కాలు ఎత్తింది. మునుపు స్టూలు వేస్తేనే ఎక్కగలిగేదట, ఈసారి అవసరం రాలేదు. "యార్డు దాక పోదాం పా, తేమ ఎంతొచ్చిందో చూసొద్దాం" అన్నది.

నేను వెనుక కూర్చున్నాను.